అంబాసిడర్ ఇంజిన్‌లో ఆయిల్ లీకు: చాంబర్ విప్పే ముందు చూడాల్సినవి

పాత అంబాసిడర్ నిలబెట్టే షెడ్డులో గచ్చు మీద నల్ల మరక లేకపోవడం అరుదు. గోదావరి డెల్టాలో ఆ మరకకు జరిగే వైద్యం కూడా దాదాపు ఒకటే. చాంబర్ (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) దించుతారు, కొత్త కార్క్ ప్యాకింగ్ వేస్తారు, దాని చుట్టూ సిలికాన్ దట్టంగా పూసి బోల్టులు పట్టినంతా బిగిస్తారు. నెలో రెండు నెలలో ఆగి మరక మళ్లీ వస్తుంది. ప్యాకింగ్ నాసిరకమని తేల్చేసి ఇంకోటి తెప్పిస్తారు.

చాలా ఇంజిన్లలో ప్యాకింగ్ తప్పేమీ ఉండదు. పిస్టన్ రింగులు దాటి కిందికి దిగే గాలి బయటికి పోవడానికి దారి కావాలి. ఆ దారి మూసుకుపోతే గాలి ఎక్కడ సందు దొరికితే అక్కడి నుంచి ఆయిల్‌ను నెట్టుకుంటూ వస్తుంది. చాంబర్ దగ్గర గట్టిగా మూస్తే సైడ్ కవర్ దగ్గర తేలుతుంది, అక్కడా మూస్తే వెనక క్లచ్ గూట్లోకి పోతుంది. అందుకని లీకు పని మొదలవాల్సింది బ్రీదర్ దగ్గర, అంటే ఆ గాలి బయటికి పోయే గొట్టం దగ్గర. చాంబర్ వంతు ఆ తర్వాతే.

ఇక్కడ చెప్పేదంతా 1489 సీసీ పెట్రోలు ఇంజిన్ గురించి. 1959లో అంబాసిడర్‌లోని పాత సైడ్ వాల్వ్ ఇంజిన్ స్థానంలో వచ్చిన ఓవర్‌హెడ్ వాల్వ్ ఇంజిన్ ఇది. బ్రిటన్‌లో బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) తయారుచేసిన బి-సిరీస్ కుటుంబానికి చెందినది, క్రాంకు షాఫ్టును మోసే మెయిన్ బేరింగులు మూడు ఉన్నది. అదే కుటుంబంలోని డీజిల్ ఇంజిన్‌కు కూడా ఇందులో చాలా భాగం వర్తిస్తుంది. 1990ల్లో వచ్చిన 1817 సీసీ ఇసుజు ఇంజిన్ కట్టుబడి వేరు, దాన్ని దీనితో కలపకూడదు.

ముందు లీకు ఎక్కడిదో తేల్చాలి

ఆయిల్ కారిన చోటూ, మరక పడిన చోటూ ఒకటి కావు. బండి పరుగులో ఉన్నప్పుడు ఫ్యాన్ గాలి ఆయిల్‌ను వెనక్కి తోస్తుంది, తర్వాత అది కిందికి జారుతుంది. ఇంజిన్ పైన వాల్వులను కప్పే టాపెట్ కవర్ ముందు మూల నుంచి చెమర్చిన ఆయిల్ బ్లాకు పక్కనే దిగి, చాంబర్ అంచు పట్టుకుని పాకి, వెనక బెల్ హౌసింగ్ (క్లచ్ గూడు) కింద చుక్కగా పడుతుంది. దాన్ని చూసి వెనక సీలు పోయిందని గేర్‌బాక్సు దించిన సందర్భాలకు లెక్కలేదు.

కాబట్టి మొదట కడగాలి. చల్లటి ఇంజిన్ మీద డీజిల్ గానీ కిరోసిన్ గానీ బ్రష్‌తో పట్టించి, జిడ్డు నానాక గుడ్డతో తుడవాలి. కార్బ్యురేటర్‌కి, డిస్ట్రిబ్యూటర్‌కి, డైనమోకి ప్లాస్టిక్ సంచులు కట్టాలి. సర్వీసింగ్ స్టేషన్ ప్రెజర్ నీళ్లు వీటి మీద పడితే లీకు సంగతి తర్వాత, బండి స్టార్టే కాదు. బాగా ఆరాక అనుమానం ఉన్న అతుకులన్నిటి మీదా టాల్కం పౌడరు పలచగా చల్లాలి. ముగ్గుపిండి మాత్రం వద్దు. అది రాతిపొడి, కార్బ్యురేటర్ పీల్చినా ఆయిల్‌లో కలిసినా బోరును (పిస్టన్ కదిలే గొట్టాన్ని) అరగదీస్తుంది. ఇంజిన్ వేడెక్కేదాకా పావుగంట ఐడిలింగ్‌లో ఉంచి, ఆ తర్వాత పది పదిహేను కిలోమీటర్లు నడిపి తీసుకురావాలి. టార్చిలైటుతో, చిన్న అద్దంతో పైనుంచి కిందికి, ముందునుంచి వెనక్కి చూసుకుంటూ వస్తే పౌడరు మొట్టమొదట తడిసిన చోటు కనిపిస్తుంది. అదే అసలు జాగా. దాని కిందివన్నీ ఒలికినవే.

రాత్రి బండి కింద అట్టపెట్టె విప్పి పరిచి, దాని మీద చక్రాల స్థానం గీసుకుంటే చుక్కలు ఎక్కడెక్కడ పడ్డాయో తెల్లారేసరికి పటంలా తెలుస్తుంది. రంగు, వాసన కూడా చూడాలి. గేర్‌బాక్సులో 90 నంబరు ఆయిల్ ఉంటే దానికి గంధకం కలిసిన ఘాటు వాసన ఉంటుంది, వేళ్ల మధ్య జిగురుగా సాగుతుంది. ఇంజిన్ ఆయిల్ నల్లగా ఉండి కాలిన వాసన వేస్తుంది.

లీకులన్నీ ఒక తీరువి కావు, అన్నిటికీ ఒకే తొందర అక్కర్లేదు. ఆయిల్ పంపు ఒత్తిడి ఉన్న చోట్లు కొన్ని: ఫిల్టర్, ప్రెజర్ గేజికి పోయే సన్నటి పైపు, ప్రెజర్ స్విచ్చి, రిలీఫ్ వాల్వు మీది గుండ్రటి మూత నట్టు. వీటిలో ఏది ఊడినా చాంబర్‌లోని నాలుగు లీటర్ల పైచిలుకు ఆయిల్ కొద్ది నిమిషాల్లో రోడ్డు మీద ఉంటుంది, బేరింగులు పట్టేస్తాయి. అలాంటి బండిని కదపకూడదు. మిగతావి, అంటే కవర్లు, చాంబర్ అంచు, టైమింగ్ కవర్, వెనక భాగం, లోపల చిమ్మే ఆయిల్ మాత్రమే తగిలే చోట్లు. ఇవి నెమ్మదిగా చెమరుస్తాయి. డిప్‌స్టిక్ చూసుకుంటూ ఉంటే వీటిని తీరిక దొరికాక చేసుకోవచ్చు.

ఇంజిన్ ఊపిరి

ఈ ఇంజిన్‌కు గాలి పోయే దారులు రెండు. మానిఫోల్డ్ (ఇంజిన్‌కు గాలిని తెచ్చే, పొగను తీసుకుపోయే గొట్టాల జత) కింద, బ్లాకు పక్కన రెండు రేకు సైడ్ కవర్లు ఉంటాయి. వాటిలో ముందుదాని నుంచి ఒక గొట్టం కిందికి దిగుతుంది. రెండోది పైన టాపెట్ కవర్ నుంచి ఎయిర్ క్లీనర్‌కు వెళ్లే రబ్బరు పైపు.

డెల్టాలో ఈ రెండూ మూసుకుపోవడానికి తగిన కారణాలున్నాయి. ఊళ్లోనే తిరిగే బండి ఇంజిన్ పూర్తిగా వేడెక్కదు. కాలవగట్టు రోడ్డు మీద నాలుగు కిలోమీటర్లు వెళ్లి వచ్చి ఆగిపోతుంది. ఏడాదిలో ఎక్కువ భాగం తేమగా ఉండే గాలి లోపల చల్లబడి నీరవుతుంది, ఆయిల్‌తో కలిసి మీగడ రంగు జిగురుగా మారుతుంది. ఆయిల్ మూత విప్పితే లోపలి వైపు అంటుకుని కనిపించేది ఇదే. బ్రీదర్ గొట్టంలోని జాలిని ఇది పూడ్చేస్తుంది. నెలల తరబడి కదలని బండి అయితే గొట్టం కొసలో కందిరీగ మట్టి గూడు కట్టేస్తుంది. ఇక ఎయిర్ క్లీనర్‌లోకి పొగ వస్తోందని పై పైపు ఊడదీసి గుడ్డ కుక్కిన బండ్లూ ఉంటాయి. లీకులు పుట్టించడానికి అంతకు మించిన పని లేదు.

గొట్టాన్ని విప్పి కిరోసిన్‌లో ఒక రాత్రి నానబెట్టి, సైకిల్ చువ్వకు గుడ్డ చుట్టి రుద్ది, అవతలికి గాలి ఊది చూడాలి. ధారాళంగా పోవాలి. ఉబ్బి మెత్తబడిన రబ్బరు పైపు లోపల్లోపలే మూసుకుపోతుంది గనక దాన్ని మార్చేయాలి.

ఒత్తిడి నిజంగా ఉందా లేదా అన్నది కొలిచి తెలుసుకోవచ్చు, దానికి ఖర్చు కూడా లేదు. మీటరు పొడవున్న పారదర్శకమైన ప్లాస్టిక్ గొట్టం ఒక కొసను డిప్‌స్టిక్ రంధ్రంలో గాలి పోకుండా అమర్చాలి. రెండో కొసను యు ఆకారంలో వంచి, అందులో సగం దాకా నీళ్లు పోసి నిలబెట్టాలి. ఇంజిన్ వేడెక్కాక ఐడిలింగ్‌లో రెండు వైపులా నీళ్లు దాదాపు సమంగా ఉండాలి, కాస్త ఊగినా ఫరవాలేదు. యాక్సిలరేటర్ ఇచ్చినప్పుడు బయటి వైపు నీళ్లు అంగుళం, ఆపైన ఎత్తుకు లేచి నిలబడితే లోపల ఒత్తిడి ఉన్నట్టే. బ్రీదర్ గొట్టాలు రెండూ విప్పేసి మళ్లీ చూడాలి. నీళ్లు దిగిపోతే దారి మూసుకుపోయిందని అర్థం. దిగకుండా, ఆ కొసల నుంచి పొగ గుప్పుగుప్పున వస్తుంటే మెకానిక్కులు బ్యాక్ కంప్రెషన్ అనేది అదే.

అలాంటప్పుడు కంప్రెషన్ గేజి పెట్టి నాలుగు బోర్లూ కొలవాలి. ఒకదానికీ ఇంకోదానికీ పది శాతం కంటే ఎక్కువ తేడా ఉంటే, తక్కువ చూపిన బోరులో ప్లగ్గు రంధ్రం గుండా ఒక చెంచా ఆయిల్ పోసి మళ్లీ కొలవాలి. అంకె పెరిగితే రింగులు అరిగాయి. పెరగకపోతే వాల్వుల వైపు చూడాలి. రింగులు పోయిన ఇంజిన్‌కు ఎన్ని ప్యాకింగులు మార్చినా లీకు ఆగదు. ఆ డబ్బు రీబోరుకు (బోర్లు కోయించి కొత్త పిస్టన్లు, రింగులు వేయించడానికి) దాచుకోవడం మేలు.

టాపెట్ కవర్, సైడ్ కవర్లు

ఊపిరి సరిగ్గా ఉందని తేలాకే ప్యాకింగుల వంతు. పైన ఉండే టాపెట్ కవర్‌ను రెండే నట్లు పట్టి ఉంచుతాయి. కార్క్ ప్యాకింగ్ మీద రేకు కవర్, నట్ల కింద కప్పు వాషర్లు, రబ్బరు బుష్షులు. ఆ రబ్బరు ఎండి రాయిలా అయితే నట్టు చుట్టూ ఆయిల్ ఊరుతుంది. అది ప్యాకింగ్ లీకులాగే కనిపిస్తుంది కాబట్టి బుష్షులను కూడా కలిపి మార్చాలి. నట్లకు 4 ఫుట్ పౌండ్ల బిగువు చాలు, అంటే ఐదున్నర న్యూటన్ మీటర్లలోపే. సైడ్ కవర్లకు నడుమ ఒక్కో బోల్టే ఉంటుంది. దాని బిగువు ఇంకా తక్కువ, 2 ఫుట్ పౌండ్లు. పొడవు పిడి స్పానరుకు చేతి బలం కలిస్తే ఈ రేకు మధ్యలో గుంటపడి మూలలు పైకి లేస్తాయి. ఆ తర్వాత ఎంత బిగిస్తే అంత కారుతుంది.

సైడ్ కవర్లు చేరాలంటే మానిఫోల్డ్ తీయాలి. అందుకే చాలామంది వాటి జోలికి పోరు, నేరం చాంబర్ మీద వేస్తారు. చేరువలో లేదని వదిలేసిన ఈ రెండు కవర్లే ఎక్కువ బండ్లలో అసలు దోషులు. మానిఫోల్డ్ నట్లకు ముందు రోజే తుప్పు వదిలే నూనె పట్టించి ఉంచాలి. ఎలాగూ విప్పుతున్నారు కాబట్టి మానిఫోల్డ్ ప్యాకింగ్ కొత్తది సిద్ధం చేసుకోవాలి.

రేకు కవర్ల అంచు సమంగా ఉందో లేదో గాజు పలక మీద బోర్లించి చూడాలి. కింద వెలుతురు కనిపిస్తే వంకర ఉన్నట్టు. చదునైన ఇనప దిమ్మ మీద పెట్టి, చిన్న సుత్తితో లోపలి నుంచి తట్టి సరిచేయాలి. అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పుగాలి తగిలే ఊళ్లలో ఈ రేకులు అంచుల్లో తుప్పు తిని గరుకెక్కి ఉంటాయి. ఎమెరీ కాయితంతో నున్నగా చేయకపోతే కార్క్ ఆ గుంటలను పూడ్చలేదు.

కార్క్ విషయంలో ఒక సంగతి తెలుసుకోవాలి. కొట్లో ఏళ్ల తరబడి వేలాడిన ప్యాకింగ్ ఎండి కుంచించుకుపోతుంది, రంధ్రాలు బోల్టులకు కుదరవు. లాగి అమర్చితే తెగుతుంది. గోరువెచ్చటి నీళ్లలో గంటసేపు నానబెడితే మళ్లీ కొలతకు వస్తుంది. తుడిచి ఆరబెట్టి వాడుకోవచ్చు. సిలికాన్ పూసిన కార్క్ బిగించగానే జారి బయటికి ఉబుకుతుంది గనక ఈ రెండిటినీ కలపకూడదు. కవర్ వైపు మాత్రం షెల్లాక్ (లక్క ద్రావణం) పలచగా రాసి అంటించి, బ్లాకు వైపు గ్రీజు చేయి తుడిచినంత పూస్తే సరిపోతుంది. తర్వాత ఎప్పుడు విప్పినా ప్యాకింగ్ చిరగకుండా కవర్‌తోపాటే వస్తుంది.

చాంబర్

బండిని జాకీ మీద మాత్రమే ఉంచి కిందికి దూరడం ప్రాణాంతకం. డెల్టా నేల మెత్తన, వాన పడితే మరీను. బండిని యాక్సిల్ స్టాండ్ల మీద నిలిపి, వాటి కింద మందపాటి చెక్క పలకలు వేయాలి. గచ్చు మీద చేయగలిగితే అన్నిటికంటే మంచిది.

ఆయిల్ వేడిగా ఉన్నప్పుడే దించాలి, మడ్డి కూడా కలిసి దిగుతుంది. చాంబర్ ఊడి వచ్చాక అంచు మీద ప్రతి బోల్టు రంధ్రాన్నీ చూడాలి. ఏళ్లుగా బిగించి బిగించి రంధ్రం చుట్టూ రేకు బ్లాకు వైపు ఉబ్బి ఉంటుంది. ఆ ఉబ్బు ముందుగా బ్లాకుకు తగిలి, రెండు బోల్టుల నడుమ సందు మిగిలిపోతుంది. రేకును దిమ్మ మీద బోర్లా పెట్టి ఉబ్బును చదును చేయాలి. కొత్త ప్యాకింగ్ మీద నమ్మకం పెట్టుకుని ఈ పని వదిలేస్తే చాంబర్ దించిన శ్రమ వృథా.

చాంబర్‌కు సన్నటి తుప్పు రంధ్రాలు ఉన్నాయేమో అనుమానం వస్తే బయట సుద్ద పూసి, లోపల కిరోసిన్ పోసి రెండు మూడు గంటలు ఉంచాలి. రంధ్రం ఉన్న చోట సుద్ద మీద తడి మచ్చ పడుతుంది. దాన్ని బ్రేజింగ్ చేయించాలి. సీలెంటు అద్దితే నిలవదు.

ముందు వెనకల మెయిన్ బేరింగ్ క్యాపుల దగ్గర వంపులో కూర్చునే కార్క్ ముక్కలు వేరుగా వస్తాయి. అవి కొసల్లో కాస్త పొడుచుకు వచ్చినట్టు ఉండాలి, బిగించినప్పుడు నలిగి మూలను నింపేది ఆ మిగులే. పొడవుగా ఉందని బ్లేడుతో కోసేస్తే ఆ మూల జీవితాంతం కారుతుంది. చదును ప్యాకింగ్, వంపు ముక్క కలిసే నాలుగు మూలల్లో మాత్రం చుక్క సిలికాన్ పెట్టవచ్చు. అంతకు మించి పూస్తే లోపలికి ఉబికిన పోగు తెగి పంపు జాలికి అడ్డం పడుతుంది, ఆయిల్ ప్రెజర్ పోతుంది. లీకు ఆపబోయి ఇంజిన్‌నే పోగొట్టుకునే దారి అది.

బోల్టులు ఎదురెదురుగా, మూడు విడతల్లో 6 ఫుట్ పౌండ్ల దాకా బిగించాలి, అంటే దాదాపు 8 న్యూటన్ మీటర్లు. ఈ ఇంజిన్‌వి అంగుళాల మరలు. 5/16 ఫైన్ మరకు అంగుళానికి 24 పళ్లు, పంటికీ పంటికీ దూరం ఒక మిల్లీమీటరు పైన కాస్త. బజారులో చేతికందే 8 ఎంఎం బోల్టు మందం దాదాపు అంతే, కానీ దాని పళ్ల దూరం 1.25 మిల్లీమీటర్లు. రెండు చుట్లు ఎక్కినట్టే ఎక్కి, ఆపైన బ్లాకులోని మరను తినేస్తుంది. డ్రెయిన్ ప్లగ్గు రాగి వాషర్‌ను ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే మెత్తబడి మళ్లీ పనికొస్తుంది.

టైమింగ్ కవర్

పుల్లీ వెనక నుంచి తడి కనిపిస్తే రేడియేటర్, ఫ్యాన్, పుల్లీ తీయాల్సిందే. పాత కవర్లలో ఉన్ని సీలు, తర్వాతివాటిలో రబ్బరు సీలు. వాటి వెనక క్రాంకు మీద ఆయిల్ విసిరే పళ్లెం ఒకటి ఉంటుంది. ఉన్ని సీలు రకానిదైతే గిన్నెలా లోతుగా ఉన్న ముఖం ముందుకు రావాలి. తర్వాతి రకానికి ముందు వైపు గుర్తు కొట్టి ఉంటుంది. ఒక రకం కవర్‌కు ఇంకో రకం పళ్లెం కలిపితే సీలు ఎంత కొత్తదైనా కారుతుంది.

కవర్ బోల్టులను ముందు వదులుగా పెట్టి, పుల్లీ మెడకు ఆయిల్ రాసి లోపలికి తోసి, అప్పుడు బోల్టులు బిగించాలి. సీలు పుల్లీకి సరిగ్గా నడుమ కూర్చోవడానికి ఇదొక్కటే పద్ధతి. పుల్లీ మెడ మీద పాత సీలు కోసిన గాడి గోటికి తగిలితే లేతులో పలచటి స్లీవు వేయించాలి, లేదా కొత్త సీలు పెదవి గాడి పక్కన పడేలా కాస్త ముందుకో వెనక్కో అమర్చాలి.

వెనక భాగం

అన్నిటికంటే ఎక్కువ అపార్థం ఇక్కడే. బజారులో వెనక ఆయిల్ సీలు కోసం తిరగడం అనవసరం. ఈ ఇంజిన్‌కు వెనక రబ్బరు సీలు లేదు. క్రాంకు చివర మర లాంటి గాడి చెక్కి ఉంటుంది. క్రాంకు తిరుగుతున్నంతసేపూ ఆ గాడి బయటికి వచ్చే ఆయిల్‌ను లోపలికి తిప్పికొడుతుంది, అది రంధ్రం గుండా చాంబర్‌లోకి దిగిపోతుంది. గాడికీ చుట్టూ ఉన్న ఇనుముకూ మధ్య సందు ఎప్పుడూ ఉంటుంది. ఇంజిన్ ఆగాక ఒకటి రెండు చుక్కలు జారడం ఈ కట్టుబడికి సహజం, దానికి కంగారు పడనక్కర్లేదు.

అంతకు మించి కారితే కారణాలు వెతకాలి. లోపల ఒత్తిడి ఉంటే గాడి ఓడిపోతుంది, అందుకే బ్రీదర్ ముందు. ఆయిల్ డిప్‌స్టిక్ పై గీత దాటి పోసినా కారుతుంది. గట్టు రోడ్డు నుంచి ఇంటి వాకిట్లోకి దిగే వాలు మీద బండి వెనక భాగం పల్లంలో ఉండేలా నిలిపితే లోపలి ఆయిల్ అంతా వెనక్కి చేరుతుంది, రాత్రంతా చుక్కలు పడతాయి. బండిని తిప్పి నిలిపి చూస్తే తేడా తెల్లారేసరికే తెలుస్తుంది. మెయిన్ బేరింగులు అరిగి క్రాంకు కిందికి దిగితే సందు పెరుగుతుంది. దీనికి బేరింగుల పని తప్ప వేరే మందు లేదు. వేడి ఇంజిన్‌లో ప్రెజర్ బాగా పడిపోవడం, లోడు మీద గుబగుబ శబ్దం రావడం దానికి తోడు గుర్తులు.

ఫ్లైవీల్ దించినప్పుడు బ్యాక్‌ప్లేటు ప్యాకింగ్‌ను, ఆయిల్ గ్యాలరీ (బ్లాకు లోపల ఆయిల్ పోయే దారి) చివరి ప్లగ్గును కూడా చూడాలి. గాడి మీద వేసే నింద చాలాసార్లు వీటిది. బెల్ హౌసింగ్ కింద చిన్న రంధ్రంలో కదులుతూ వేలాడే స్ప్లిట్ పిన్ను ఒకటి ఉంటుంది. అది కదిలినప్పుడల్లా రంధ్రంలోని మట్టిని రాల్చేస్తుంది. ఆయిల్ కారుతోందని ఆ రంధ్రానికి ఎంసీల్ పెట్టడం పెద్ద పొరపాటు, బయటికి పోయే దారి లేక ఆయిల్ క్లచ్ ప్లేటును తడుపుతుంది, ఎత్తు ఎక్కేటప్పుడు క్లచ్ జారుతుంది. వెనక రబ్బరు సీలు పట్టేలా మార్చే కిట్లు విదేశాల్లో దొరుకుతాయి. వాటికి కచ్చితమైన మెషినింగ్ కావాలి. ఇంజిన్ ఎలాగూ పూర్తిగా విప్పిన రోజున ఆలోచించవచ్చు, లీకు కోసమే విప్పడం దండగ.

లీకు ఆపే మందులుగా అమ్మే సీసాలు రబ్బరును ఉబ్బించి పని చేస్తాయి. కార్క్ మీద వాటి ప్రభావం ఉండదు, వెనక ఉబ్బడానికి రబ్బరే లేదు. కాబట్టి ఈ ఇంజిన్‌లో చాలా లీకులకు అవి పనికిరావు. ఆయిల్ విషయానికొస్తే 20డబ్ల్యూ-50 దీనికి తగినది. పలచటి కొత్తతరం ఆయిల్ పోస్తే ఏళ్ల మడ్డి కడుక్కుపోయి, అంతవరకూ మడ్డి మూసిన సందులన్నీ తెరుచుకుంటాయి.

ఫిల్టర్ మార్చేటప్పుడు పై గాడిలో పాత రబ్బరు రింగు అంటుకుని ఉండిపోతుంది, దాని మీదే కొత్తది పడితే ఒత్తిడికి చిమ్ముతుంది. సూదితో పాతదాన్ని లాగేసి, స్టార్ట్ చేశాక నిమిషం పాటు అక్కడే కళ్లు పెట్టి చూడాలి.

దించిన ఆయిల్‌ను, జిడ్డు గుడ్డలను కాలవలో గానీ బోదెలో గానీ వేయకూడదు. ఆ నీళ్లే తాగే చెరువుల్లోకి, చేపల చెరువుల్లోకి వెళ్తాయి. డబ్బాలో పోసి మూతపెట్టి, పాత ఆయిల్ కొనే లైసెన్సు ఉన్న వాళ్లకు ఇవ్వాలి.

పని అయ్యాక మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లకు కార్క్ కొంత నలిగి సర్దుకుంటుంది. అప్పుడు చల్లటి ఇంజిన్ మీద అదే కొలతకు ఒక్కసారి బిగువు సరిచూడాలి. ఆ తర్వాత బోల్టుల జోలికి పోకుండా, నెలకోసారి పౌడరు చల్లి చూసుకుంటే చాలు.